స్వేచ్ఛకు రూపము కట్టుచున్నవారు

ఆశువుగా పుట్టెడి జాజ్ సంగీతమున నేటి తరము, నేటి రికార్డులు

1924 మే 25వ తేదీన జన్మించిన మార్షల్ అలెన్ అను సాక్సోఫోన్ విద్వాంసుడు, సన్ రా నెలకొల్పిన 'ఆర్కెస్ట్రా' బృందమున 1958లో చేరి, ఆ గురువు గతించిన కొలది సంవత్సరములకు దాని నాయకత్వమును తానే వహించి, అఱువది సంవత్సరములకు మించి ఆ ఉమ్మడి సంగీతమునకే తన ఊపిరిని ధారపోసి, నూఱేండ్లు నిండిన పిమ్మట తన ఒక్కరి పేరిట తొలి ఆల్బమును రికార్డు చేసినారు. 'న్యూ డాన్' అను ఆ రికార్డు 2025 ఫిబ్రవరిలో వెలువడినది. అదే సంవత్సరమున, ఎనుబది దాటిన ట్రంపెట్ విద్వాంసుడు వదాదా లియో స్మిత్, ఏబదులలో నున్న పియానో విద్వాంసుడు విజయ్ అయ్యర్‌తో కలసి 'డిఫయంట్ లైఫ్' అను యుగళ రికార్డును వెలువరించిరి. నలుబదులలో నున్న గిటారు విదుషి మేరీ హాల్వర్సన్ తన ఆరుగురి బృందమునకు ఇరువురు సాక్సోఫోన్ వాదకులను జతచేసి 'ఎబౌట్ ఘోస్ట్స్' అను రికార్డును వినిపించినారు.

ఈ మూడింటిని ఒకచోట చేర్చి వినువారికి, జాజ్ సంగీతము గతించిన వైభవములను తలపోసికొనుచు కూర్చున్న కళ యను అభిప్రాయము నిలువదు. మూడు తరములు ఒకే కాలమున, ఒకే సాహసముతో, ముందుగా వ్రాసిపెట్టుకొననిదానిని శ్రోతల యెదుటనే సృజించు పనిలో నిమగ్నములై యున్నవి. అయితే ఆ మూడు తరముల కర్తవ్యములు ఒక్కటి కావు. స్వేచ్ఛను సంపాదించుట మొదటివారి వంతు అయినది. సంపాదించిన స్వేచ్ఛతో ఏమి నిర్మింపవలెనను ప్రశ్న తరువాతివారి వంతునకు వచ్చినది. నేటి రికార్డులు ఆ ప్రశ్నకు ఇచ్చుచున్న సమాధానము సామాన్యమైనది కాదనియు, సంగీతమును ప్రేమించు ప్రతివారును దానిని వినదగుననియు నా దృఢ విశ్వాసము.

కట్టు తెగిన కాలము

జాజ్ పుట్టుక నుండియు ఆశుకల్పన దానికి ప్రాణము. న్యూ ఆర్లియన్స్ వీథులలో ఊరేగిన బృందముల నాటి నుండి, 1940ల న్యూయార్క్ క్లబ్బులలో చార్లీ పార్కర్ వాయించిన శరవేగపు స్వరధార వఱకు, వాదకుడు తెలిసిన పాటను ఆధారము చేసికొని, దాని స్వరసంపుటుల వరుసను మనస్సున నిలుపుకొని, ఆ వరుస మీద తన కల్పనను నడిపించెడివాడు. పాట ముగిసినచోటనే మరల మొదలగును. వాదకుడు ఎంత దూరము విహరించినను ఆ చక్రమును దాటి పోరాదు.

ఆ చక్రమును దాటినవారిలో ఆర్నెట్ కోల్మన్ అగ్రగణ్యుడు. 1960 డిసెంబరులో ఆయన నలుగురేసి చొప్పున రెండు బృందములను ఒకేసారి కూర్చి, ఒక జట్టు కుడిచెవికిని, మఱొకటి ఎడమచెవికిని వినబడునట్లు అమర్చి, దాదాపు 37 నిముషములు ఎడతెగక సాగిన సామూహిక కల్పనను రికార్డు చేసెను. 'ఫ్రీ జాజ్' అను ఆ రికార్డు పేరే ఒక మార్గమునకు నామమైనది. పాట వరుస లేదు. ఉన్నవి కొన్ని సంకేత వాక్యములు, ఎనమండుగురి చెవులు. విని పులకించినవారును కలరు, కోపించినవారును కలరు.

అయిదేండ్లు గడచినవో లేదో, 1965లో, షికాగో నగరమున మ్యూహాల్ రిచర్డ్ అబ్రామ్స్ మొదలగు నల్లజాతి సంగీతజ్ఞులు తమ కళ యొక్క అదుపును క్లబ్బు యజమానుల చేతి నుండియు, రికార్డు కంపెనీల చేతి నుండియు తప్పించి తమ చేతికి తెచ్చుకొనదలచి, 'ఏఏసీఎమ్' అను పొట్టి పేరుతో ప్రసిద్ధికెక్కిన సంఘమును స్థాపించిరి. సంఘపు కచేరీలలో సభ్యులు తమ స్వీయరచనలనే వినిపింపవలెనని కట్టడి చేసికొనిరి. పేటలోని బాలబాలికలకు ఉచితముగ సంగీతము నేర్పిరి. ఆంథొనీ బ్రాక్స్‌టన్, హెన్రీ థ్రెడ్‌గిల్, వదాదా లియో స్మిత్ ఆ సంఘపు తొలినాళ్లలో వికసించినవారే. స్వేచ్ఛాజాజ్ అనగా ఎవరికి తోచినట్లు వారు వాయించుట యను అపవాదు నేటికిని పోలేదు కాని, దానిని నిలబెట్టినవారు పాఠశాల నడిపినవారు, నియమావళి వ్రాసికొన్నవారు, పరస్పరము జవాబుదారీగా బ్రతికినవారు అను సంగతిని గ్రహించిన నాడు ఆ అపవాదు తనంత తానే రాలిపోవును.

నియమము నుండి పుట్టిన విహారము

థ్రెడ్‌గిల్ పద్ధతినే పరిశీలింతము. తన 'జూయిడ్' బృందము కొఱకు ఆయన వ్రాయు సంగీతమున ప్రతి వాదకునికిని కొన్ని స్వరాంతరములు విడివిడిగా కేటాయింపబడియుండును; వాదకుడు ఎంత స్వేచ్ఛగ కల్పన చేసినను ఆ అంతరములలోనే సంచరింపవలెను. అష్టావధానమున నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు ఒక్కొక్క అక్షరమును అడ్డగించుచుండగా అవధాని ఆ అడ్డంకి వలననే ఊహింపని పదమును పట్టుకొని పద్యమును గట్టెక్కించునట్లు, ఈ బృందమున ప్రతివాడును తనకు నిషిద్ధమైన దారులను విడిచి, అలవాటు పడిన వ్రేళ్లు తమంత తాము పోవు త్రోవను విడిచి, కొత్త త్రోవను అన్వేషింపవలసి వచ్చును. ఆ బృందము వాయించిన 'ఇన్ ఫర్ ఎ పెన్నీ, ఇన్ ఫర్ ఎ పౌండ్' అను రచనకు 2016లో పులిట్జర్ బహుమానము లభించినది. అంతకు పూర్వము జాజ్ విద్వాంసులలో వింటన్ మార్సాలిస్ 1997లోను, ఆర్నెట్ కోల్మన్ 2007లోను మాత్రమే ఆ గౌరవమును జీవితకాలమున పొందిరి.

బ్రాక్స్‌టన్ ఒంటరిగ ఆల్టో సాక్సోఫోన్ ఒక్కటే పట్టుకొని, మఱే తోడును లేక, 'ఫర్ ఆల్టో' అను జంట రికార్డును వెలువరించిన సాహసి. అంతకు మించి, తరములను తీర్చిన ఆచార్యుడు. వెస్లియన్ విశ్వవిద్యాలయమున ఆయన చిరకాలము బోధించెను. జీవశాస్త్రము చదువవచ్చిన మేరీ హాల్వర్సన్ ఆయన తరగతిలో కూర్చుండి సంగీతమునకే అంకితమయ్యెను. ఆమె గిటారు నాదము ఒక్కసారి విన్నచో మఱువరానిది: తీగ మీటిన క్షణమున స్వరము శుద్ధముగ, ఎండిన కట్టె తాకినంత స్పష్టముగ పలికి, వెంటనే కాలి క్రింది పరికరము వలన వంగి, జారి, తన స్థానమునకు మరల వచ్చును. 2022లో వెలువడిన 'అమరిల్లిస్' మొదలు ఆమె బృందమున పాట్రీషియా బ్రెనన్ వైబ్రఫోన్, ఆడమ్ ఓఫారిల్ ట్రంపెట్, జేకబ్ గార్చిక్ ట్రాంబోన్, నిక్ డన్‌స్టన్ బాస్, తోమాస్ ఫుజివారా డ్రమ్స్ వాయించుచున్నారు. ఆమె రచనలలో ఎక్కడ వ్రాసినది ముగిసినదో, ఎక్కడ ఆశువు మొదలైనదో చెప్పుట దుష్కరము. ఆ సరిహద్దును చెరపివేయుటయే ఆమె సాధించిన ఘనకార్యము.

బ్రాక్స్‌టన్ వద్దనే చదివిన మఱొకరు టైషాన్ సోరీ. 1980లో న్యూ జెర్సీ రాష్ట్రపు న్యువార్క్‌లో జన్మించిన ఈయన డ్రమ్స్ వాదకులలో మేటి. వాద్యగోష్ఠులకు కృతులు వ్రాయుటలోను అంతటివాడే. సాక్సోఫోనుకును పూర్ణ వాద్యబృందమునకును ఆయన వ్రాసిన 'అడాజియో' 2024లో పులిట్జర్ బహుమానమును పొందినది. ఆ కృతి వదాదా లియో స్మిత్‌కు అంకితము. అమెరికా దేశపు అత్యున్నత సంగీత పురస్కారము వచ్చిన కృతి మీద తన పేరు కాక పెద్దవాని పేరును నిలిపిన ఆ వినయమున ఈ సంప్రదాయపు గురుభక్తి యంతయు వ్యక్తమగుచున్నది.

చరిత్రను స్వరపఱచినవారు

ఆ స్మిత్ మహాశయుడు మిసిసిపీ రాష్ట్రమున 1941లో జన్మించి, వర్ణవివక్ష రాజ్యమేలిన అమెరికా దక్షిణ ప్రాంతమున పెరిగినవాడు. నల్లజాతివారి పౌరహక్కుల పోరాటమును గూర్చి 1977 నుండి వ్రాయుచు వచ్చిన రచనలను కూర్చి 2012లో నాలుగు డిస్కుల 'టెన్ ఫ్రీడమ్ సమ్మర్స్'ను వెలువరించెను. పాటలు లేవు, మాటలు లేవు. పేర్లు మాత్రమే చరిత్రను చెప్పును. ట్రంపెట్ నుండి వెలువడు ఒక్కొక్క దీర్ఘస్వరమును, దాని తరువాత వచ్చు మౌనమును విన్నవారికి, ఆ మౌనము కూడ రచనలో భాగమేయని బోధపడును.

అదే స్మృతి చిన్నవారి రికార్డులలోను ప్రవహించుచున్నది. విజయ్ అయ్యర్, టైషాన్ సోరీ, మలేషియాలో పుట్టి ఆస్ట్రేలియాలో పెరిగిన బాస్ విదుషి లిండా మే హాన్ ఓ — ఈ మువ్వురును కలసి వాయించిన 'అన్‌ఈజీ' 2021లోను, 'కంపాషన్' 2024లోను మ్యూనిక్ నగరపు ఈసీఎమ్ సంస్థ నుండి వచ్చినవి. 'అన్‌ఈజీ' ఆరంభమున వినబడు రచన, మిషిగన్ రాష్ట్రపు ఫ్లింట్ నగరమున సీసము కలిసిన నీరు త్రాగిన పసివారిని ఉద్దేశించినది. కాని ఈ సంగీతము ఉపన్యసింపదు. పియానో ఒక లయను పట్టుకొనగా, డ్రమ్స్ దానిని ఒప్పుకొనకుండ మఱొక కాలమును సూచించును. బాస్ ఆ రెండింటి నడుమ నిలిచి ఎవరి పక్షమును వహింపక ఇరువురిని ఒడ్డునకు చేర్చును. అయ్యర్ భౌతికశాస్త్రము చదివి, సంగీతమున దేహము యొక్కయు మనస్సు యొక్కయు పాత్రను గూర్చి బర్క్లీలో డాక్టరేటు పొంది, 2014 నుండి హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగ నున్నారు. ఆ చదువు ఆయన వ్రేళ్లకు బరువు కాలేదు. లయను విడదీసి మరల కూర్చు ధైర్యము నిచ్చినది.

టెనర్ సాక్సోఫోన్ వాదకుడు జేమ్స్ బ్రాండన్ లూయిస్ 2021లో వెలువరించిన 'జెసప్ వ్యాగన్' మన రైతు బిడ్డలకు ప్రత్యేకముగ నచ్చదగినది. బానిసకుటుంబమున పుట్టి వృక్షశాస్త్రజ్ఞుడైన జార్జ్ వాషింగ్టన్ కార్వర్, పత్తి వలన సారము తఱిగిన అలబామా పొలములలో వేరుసెనగ వంటి పైరులను వేయుమని పేదరైతులకు బోధించినవాడు. ఆ బోధను పల్లెపల్లెకు చేర్చుటకై 1906లో ఆయన రూపొందించిన బండి పేరే ఈ రికార్డునకు పెట్టబడినది. కార్నెట్, చెల్లో, బాస్, డ్రమ్స్ సరసన లూయిస్ పలికించిన సాక్సోఫోన్ నాదమున చర్చి కీర్తనల భక్తియు, పొలమున చెమటోడ్చినవాని గొంతు బొంగురుదనమును ఏకమైనవి. అనంతపురపు వేరుసెనగ చేలను ఎఱిగినవారు ఈ రచనలను పరాయివిగ తలంపరు.

మన వైపు నుండి చేరిన స్వరములు

ఈ నదిలో మన దేశపు పాయలును కలిసినవి. మన శ్రోతలు అంతగా పట్టించుకొనని రికార్డు ఒకటి కలదు: 2008లో వెలువడిన 'కిన్స్‌మెన్'. కన్నడ కుటుంబమున పుట్టి అమెరికాలో పెరిగిన రుద్రేశ్ మహంతప్ప, ఆల్టో సాక్సోఫోన్‌ను కర్ణాటక సంగీతమునకు లొంగదీసిన కద్రి గోపాలనాథ్ గారితో కలసి వాయించిన సంగీత మది. అందు వయొలిన్ పట్టినవారు మన విజయనగరమున పుట్టిన అవసరాల కన్యాకుమారి గారు. ఇవటూరి విజయేశ్వరరావు గారి వద్ద విద్య నారంభించి, ఎం.ఎల్. వసంతకుమారి గారికి చిరకాలము పక్కవాద్యము వహించి, 2016లో మదరాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదును పొందిన విదుషి, న్యూయార్క్ జాజ్ వాదకుల నడుమ కూర్చుండి, గమకము చెడకుండ, తాళము జారకుండ, వారి ప్రశ్నలకు తన స్వరములతో సమాధానము చెప్పిన తీరు తెలుగువారు గర్వింపదగినది.

2011లో విజయ్ అయ్యర్, గిటారు విద్వాంసుడు ప్రసన్న, హైదరాబాదున పుట్టి తబలా నేర్చిన నితిన్ మిట్ట కలసి 'తీర్థ' అను రికార్డును చేసిరి. అంతకు మునుపే పాలకొల్లు ముద్దుబిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ తన మాండలిన్‌తో జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల 'రిమెంబర్ శక్తి' బృందమున చేరి ఖండఖండాంతరముల శ్రోతలను ముగ్ధులను గావించినారు. ఉమయాళ్‌పురం శివరామన్ గారి శిష్యురాలు రజ్నా స్వామినాథన్ మృదంగమును పక్కవాద్యపు స్థానము నుండి లేవనెత్తి, తానే బృందమును నడుపుచు, సాక్సోఫోన్, ట్రంపెట్ వాదకులకు రచనలు వ్రాయుచున్నారు.

కర్ణాటక సంగీతపు మనోధర్మమును ఎఱిగిన మనకు ఆశుకల్పన కొత్త కాదు. ఆలాపన, తానము, నెరవు, కల్పనస్వరము — ఇవన్నియు ఆ క్షణమున పుట్టునవే. కాని భేదమును గూడ గుర్తింపవలెను. మన కచేరీలో రాగతాళముల ధర్మము ముందే నిశ్చితము. ప్రధాన విద్వాంసుడు నడిచిన దారిని పక్కవాద్యకులు అనుసరింతురు, తనియావర్తనము వచ్చినప్పుడు మృదంగమునకు రాజ్యము దక్కును. నేటి ఆశుజాజ్‌లో ఆ దొంతర లేదు. డ్రమ్స్ రాగమును సూచింపవచ్చును, బాస్ ముందు నడువవచ్చును, నాయకుడు మౌనము వహింపవచ్చును. ఎవరు ఎప్పుడు ముందుకు రావలెనో ఆ క్షణముననే తేలవలెను. అందుచేత ఇచ్చట వినుట యనునది వాయించుటకంటె గొప్ప విద్య యైనది. పక్కవాని స్వరమును వినక తన నైపుణ్యమును ప్రదర్శించువాడు ఎంత ప్రతిభావంతుడైనను ఈ గోష్ఠికి అర్హుడు కాడు.

పట్టి నిలిపినదానిని మలచుట

ఆ క్షణమున పుట్టి ఆ క్షణముననే లయింపవలసినదానిని రికార్డులో బంధించుట ఎంతవఱకు సమంజసమను ప్రశ్నకు నేటివారు రెండు విధముల సమాధానము చెప్పుచున్నారు. మొదటిది పాతది: కచేరీని ఉన్నదున్నట్లు పట్టుట. 1935లో తెఱచిన న్యూయార్క్ నేలమాళిగ క్లబ్బు విలేజ్ వాన్‌గార్డ్‌లో కెనడా దేశపు పియానో విదుషి క్రిస్ డేవిస్ వాయించిన 'డయాటమ్ రిబ్బన్స్' కచేరీ 2023లో అట్లే వచ్చినది. రెండవది కొత్తది: షికాగో డ్రమ్స్ వాదకుడు మకాయా మెక్రేవన్ ఒకే వేదిక మీద 28 కచేరీలలో అప్పటికప్పుడు పుట్టిన దాదాపు 48 గంటల సంగీతమును పట్టి, పిమ్మట తీరికగ కూర్చుండి, కత్తిరించి, ఆవృత్తులుగ మలచి, 2015లో 'ఇన్ ద మోమెంట్'గ రూపొందించెను. ఇందు ఆశువు ముడిసరకు, శిల్పము తరువాతిది. కొందఱు దీనిని కల్తీ అనిరి. నాకట్లు తోచదు. వేదిక మీద పుట్టిన ఊహను మరల విని, దానిలోని సారమును గుర్తించుట కూడ వినుటలోని భాగమే.

ఆ రికార్డును ప్రచురించిన ఇంటర్నేషనల్ యాంథమ్ సంస్థయే 2023 ఆగస్టులో ట్రంపెట్ విదుషి జేమీ బ్రాంచ్ చివరి ఆల్బమును వెలువరించినది. 2022 ఆగస్టులో, 39 యేండ్ల వయస్సున, ఆమె అకస్మాత్తుగ కన్నుమూయునాటికి రికార్డు దాదాపు సిద్ధమై యున్నది. బృందమువారును కుటుంబమువారును మిగిలిన పనిని పూర్తిచేసిరి. ఆ సంగీతమున మృత్యువు నీడ లేదు. కాలు నిలువనీయని తాళము, వీథిలోనికి పిలుచు గొంతు, ఆశ కలవు.

ఇట్టి రికార్డులు అధికముగ చిన్న సంస్థల వలననే బ్రతుకుచున్నవి. న్యూయార్క్ నగరపు 'పై రికార్డింగ్స్', క్రిస్ డేవిస్ స్వయముగ 2016లో నెలకొల్పిన పైరోక్లాస్టిక్, జ్యూరిక్ ఇంటాక్ట్ మొదలగునవి లాభాపేక్షకంటె కళాపేక్షతో నడచునవి. 2008లో ఆరంభమైన బ్యాండ్‌క్యాంప్ వేదిక ద్వారా శ్రోత చెల్లించిన సొమ్మున డిజిటల్ ఆల్బముల మీద సామాన్యముగ 15 శాతము మాత్రమే ఆ వేదికకు పోవును. చెల్లింపు ఖర్చులు పోగా తక్కినది సంగీతకారునికిని, అతని సంస్థకును చేరును. 2020 మార్చిలో కచేరీలన్నియు మూతపడినప్పుడు ఆ వాటాను కూడ కొన్ని శుక్రవారములు వదలుకొనుటకు ఆ వేదిక పూనుకొన్నది. వేదికలు లేక అల్లాడిన కళాకారులకు అది కొంత ఊరట నిచ్చినది.

గుణదోష విచారణ

ఈ మార్గమున వచ్చునదంతయు ఉత్తమమని చెప్పుట సత్యదూరము. ఆరంభమున పొందిన ఆవేశమును గమ్యము లేక గంటసేపు సాగదీయు రికార్డులు కలవు. గట్టిగ అరచుటయే ధైర్యమని భ్రమించు వాదకులు కలరు. సంవత్సరమునకు అనేక ఆల్బములు విడుదల చేసి తమ ఉత్తమ కృతిని తామే మఱుగుపఱచుకొనువారును కలరు. అందుచేత విమర్శకునికి ఒక కొలబద్ద అవసరము. ఎంత కొత్తగ నున్నది, ఎంత కఠినముగ నున్నది అను ప్రశ్నలు చాలవు. ఒకరు పలికిన స్వరము మఱొకరి తరువాతి స్వరమును మార్చినదా? పది నిముషముల క్రిందట వినబడిన ఊహ ఇప్పుడు ఎదిగి మరల కనబడుచున్నదా? మౌనము భయము వలన వచ్చినదా, నిర్ణయము వలన వచ్చినదా? ఈ మూడు ప్రశ్నలకు సరియైన జవాబు చెప్పగల సంగీతము నిలుచును. ఈ పరీక్షకు నిలిచిన రికార్డులు గత పది పదునైదేండ్లలో ఇన్ని వచ్చుట చూచి, 1960లలో ఆరంభమైన ఉద్యమము ఇప్పుడు పంటకు వచ్చినదని నిస్సంశయముగ చెప్పుచున్నాను.

వినదలచినవారికి ఒక్క సలహా. మొదట 'కిన్స్‌మెన్' వినుడు; అందలి రాగచ్ఛాయలు మీకు చేయి అందించును. పిమ్మట 'అన్‌ఈజీ', ఆ పిమ్మట 'జెసప్ వ్యాగన్', చెవి సిద్ధమైన తరువాత 'అమరిల్లిస్'. వేఱు పని చేయుచు వినవలదు. ప్రతి రికార్డును తొలి నుండి తుది వఱకు, ఒకసారి సమష్టిగను, మఱొకసారి ఒక్క వాద్యమునే వెంబడించియు వినుడు. విజయవాడ, విశాఖపట్టణము, హైదరాబాదు సంగీత సభల నిర్వాహకులకు నా మనవి యిది: సంవత్సరమునకు ఒక్క సాయంకాలమైనను మన వయొలిన్, మృదంగ విద్వాంసులను జాజ్ వాదకులతో కూర్చుండబెట్టుడు, కన్యాకుమారి గారు త్రోవ చూపియే యున్నారు. పాఠకులకు చివరి మాట: నచ్చిన రికార్డును ఉచితముగ విని ఊరకుండక, వెల చెల్లించి కొనుడు. ఆ సొమ్ముతోనే ఈ కళాకారులు తమ తరువాతి కచేరీకి బయలుదేరవలసి యున్నది.